వెరపులేని తరగతిగది

తెనాలి నుండి రేపల్లెకు పోవు దారిలో భట్టిప్రోలు కలదు. 1892లో అలెగ్జాండరు రీ అచ్చటి బౌద్ధస్తూపమును త్రవ్వించగా, ధాతుకరండములపై చెక్కిన అక్షరములు బయల్పడినవి. రెండువేల సంవత్సరములకు పైబడిన ఆ వ్రాత తెలుగునేలపై దొరికిన మిక్కిలి ప్రాచీనమైన వ్రాతలలో ఒకటి. అక్షరము ఈ సీమకు క్రొత్త చుట్టము కాదు. 1918లో వేటపాలెమున సారస్వత నికేతన గ్రంథాలయము వెలసినది. 1945లో బాపట్లయందు వ్యవసాయ కళాశాల నెలకొన్నది. 1947లో ‘చందమామ’ మాసపత్రికను నాగిరెడ్డిగారితో కలిసి స్థాపించిన చక్రపాణిగారును, పెక్కు సంవత్సరములు దానిని తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావుగారును తెనాలివారే.

ఇట్టి సీమలో చదువు విలువను గూర్చి పంచాయతీ సభ్యులకు వేరుగ బోధింప నక్కరలేదు. అయినను ఒక ప్రశ్న మిగిలియున్నది. మన ఊరి బడి మంచిదా, కాదా యని తెలిసికొనుట యెట్లు? కొందరు భవనమును చూతురు. కొందరు పదవ తరగతి ఫలితములను చూతురు. కొందరు పిల్లలు చప్పుడు చేయక కూర్చున్నారా యని చూతురు. ఇవి చూడదగినవే. కాని వీనికంటె ముందుగా చూడదగిన గుర్తు వేరొకటి కలదు. తరగతిలోని మిక్కిలి వెనుకబడిన బిడ్డ లేచి నిలబడి, ‘‘నాకు తెలియలేదు, మరల చెప్పండి’’ అని వెరపులేకుండ అడుగగలుగుచున్నదా? అడుగగలిగినచో ఆ బడి మంచిది. అడుగలేనిచో గోడలకు ఎంత రంగు వేసినను చదువు సగము దారిలోనే నిలిచిపోవును.

ఈ గుర్తు ఏల ముఖ్యమైనదో, దానిని సాధించుటకు పంచాయతీ సభ్యులు చేయదగిన దేమో ఈ వ్యాసమున మనవిచేయుచున్నాము.

తప్పులో దాగిన తెలివి

ఒక చిన్న లెక్క తీసికొందము. ఏబదిరెండులో పదునేడు తీసివేయుమని ఉపాధ్యాయుడు అడిగెను. ఒక బాలుడు పలకపై నలుబదియైదు అని వ్రాసెను. సరియైన జవాబు ముప్పదియైదు. ఆ బాలుడు మొద్దు కాడు. రెండులో ఏడు పోదు గనుక, ఏడులో నుండి రెండు తీసివేసినాడు. పిమ్మట అయిదులో నుండి ఒకటి తీసివేసినాడు. అనగా పెద్ద అంకెలో నుండి చిన్న అంకెను తీయవలెనని తనకు తానుగా ఒక సూత్రము కల్పించుకొన్నాడు. పదులనుండి అప్పు తెచ్చుకొనుట వానికి అర్థము కాలేదు.

ఉపాధ్యాయుడు ‘‘తప్పు, కూర్చుండుము’’ అని గద్దించినచో ఈ సంగతి ఎన్నటికిని బయటపడదు. బాలుడు మరునాడు ప్రక్కవాని పలక చూచి వ్రాయుట నేర్చుకొనును. ‘‘ఎట్లు చేసితివో చెప్పుము’’ అని అడిగినచో రెండు నిమిషములలో తప్పు యొక్క వేరు దొరకును. పది చింతపిక్కల కుప్పలు పెట్టి చూపినచో ఆనాడే అది సరియగును. సరికానిచో ఆ బాలుడు నాలుగవ తరగతికి, అయిదవ తరగతికి పోవును గాని లెక్క మాత్రము మూడవ తరగతిలోనే నిలిచిపోవును. ఎనిమిదవ తరగతిలో బడి మానిన పిల్లలలో పెక్కుమంది నిజముగ మానినది ఆనాడు కాదు. మూడవ తరగతిలో నోరు మూసికొన్ననాడే వారు మనస్సులో బడి మానియున్నారు.

‘అడగనిదే అమ్మయినా పెట్టదు’ అని మన సామెత. చదువునకు అది మరింత వర్తించును. అడుగుటకు వెరచిన బిడ్డకు ఎంత గొప్ప పండితుడైనను చదువు పెట్టలేడు.

బెత్తము మాటేమి?

పూర్వపు వీధిబడులలో కోదండము, గోడకుర్చీ, తొడపాశము, గుంజీలు ఉండెడివి. వానిని తలచుకొని నవ్వుకొను పెద్దలు నేటికిని గ్రామములందు కలరు. ‘‘మేము దెబ్బలు తిని చదువుకొనలేదా?’’ అని వారు అడుగుదురు. వారి మాటను గౌరవముతోనే విని, ఒక్క సంగతి మనవిచేయవలసియున్నది. దెబ్బలు తిని నిలిచి చదువుకొన్నవారు మాత్రమే నేడు ఆ మాట చెప్పుటకు మన యెదుట ఉన్నారు. దెబ్బలకు వెరచి బడి మానినవారు గేదెలను తోలుకొని పొలమునకు పోయిరి. వారు చదువుకొనలేదు గనుక వారి లెక్క ఎవరును వ్రాయలేదు.

2007లో కేంద్ర స్త్రీ, శిశు అభివృద్ధి మంత్రిత్వశాఖ ప్రకటించిన పరిశీలన మన రాష్ట్రముతో సహా 13 రాష్ట్రములలో జరిగినది. బడికి పోవు ప్రతి ముగ్గురు పిల్లలలో ఇద్దరు బడిలో దెబ్బలు తిన్నట్లు అందు తేలినది. మన రాష్ట్ర ప్రభుత్వము 2002లోనే విద్యా నిబంధనలను సవరించి పాఠశాలలలో దేహదండనను నిషేధించినది. 2009లో పార్లమెంటు ఆమోదించి, 2010 ఏప్రిల్ 1న అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము 17వ సెక్షను ప్రకారము కొట్టుటయే కాక, మనస్సు నొప్పించి వేధించుట కూడ నిషిద్ధము. అదే చట్టము 29వ సెక్షను మరియొక మెట్టు పైకెక్కి, బిడ్డను భయము నుండి, ఆందోళన నుండి విముక్తునిగ చేయవలెననియు, తన అభిప్రాయమును స్వేచ్ఛగా చెప్పుకొనుటకు తోడ్పడవలెననియు విధించుచున్నది. మేము పైన చెప్పిన గుర్తు మా సొంత కల్పన కాదనియు, దేశపు చట్టములోనే ఉన్నదనియు సభ్యులు గ్రహింతురు గాక.

బెత్తము లేనిచో క్రమశిక్షణ పోవునను భయము అక్కరలేదు. క్రమశిక్షణ వేరు, వణకు వేరు. సంవత్సరారంభమున ఉపాధ్యాయుడు పిల్లలతో కూర్చుండి నాలుగైదు కట్టుబాట్లు వారిచేతనే చెప్పించి గోడపై వ్రాయించవలెను. ఒకరు మాటలాడునప్పుడు తక్కినవారు వినుట, తప్పు చెప్పినవానిని చూచి నవ్వకుండుట, తీసిన పుస్తకమును తిరిగి పెట్టుట వంటివి. తాము చేసికొన్న కట్టుబాటును పిల్లలు పెద్దలకంటె శ్రద్ధగా పాటింతురు. మీరినవానిని కొట్టుటకు బదులు, చేసిన నష్టమును వానిచేతనే సరిచేయించవలెను. సిరా ఒలికించినవాడు తుడువవలెను. తోటివానిని ఏడిపించినవాడు వానితో మాటలాడి సమాధానపరచవలెను.

ఇందు పంచాయతీ సభ్యుల పని యేమి? ‘‘నాలుగు తగిలించి చదువు చెప్పుడు’’ అని ఉపాధ్యాయుని కోరునది మొదట ఊరి పెద్దలే. ఆ మాట మన నోట రాకుండినచో సగము పని అయినట్లే.

సిగ్గు భయము కంటె కీడు

దెబ్బ వాత పడి మానును. నలుగురిలో కలిగిన అవమానము మానదు. ‘మొద్దు’, ‘సున్న’, ‘గొడ్లు కాచుకొనుటకే పనికివచ్చువాడు’ అను మాటలు పెద్దలకు చిన్నవిగ తోచును; బిడ్డ వానిని నిజమని నమ్మును. 1968లో అమెరికాలో రోజెంతాల్, జేకబ్సన్ అను పరిశోధకులు ప్రకటించిన ఒక పరీక్ష ప్రసిద్ధమైనది. కొందరు పిల్లలను చీటీలు తీసినట్లు ఎన్నుకొని, వీరు త్వరలో బాగుగ రాణింతురని ఉపాధ్యాయులతో చెప్పిరి. సంవత్సరాంతమున చిన్న తరగతులలో అట్టి పిల్లలు తక్కినవారికంటె ఎక్కువ ముందుకు వచ్చిరి. తరువాతి పరిశోధకులు ఆ ప్రభావము మొదట అనుకొన్నంత పెద్దది కాదనిరి. అయినను, ఉపాధ్యాయుని నమ్మకము బిడ్డపై పనిచేయునన్న మాట నిలిచియేయున్నది.

మన దేశమునందు సిగ్గునకు ముఖ్యమైన మూలము కులము. 2003లో ఉత్తరప్రదేశ్ గ్రామములలో ప్రపంచబ్యాంకు పరిశోధకురాండ్రు కార్లా హాఫ్, ప్రియాంక పాండే ఒక పరీక్ష జరిపిరి. పదునొకండు, పండ్రెండేండ్ల బాలురకు కాగితముపై గీసిన చిక్కుదారులను ఇచ్చి, దారి కనుగొనుమనిరి. కులము ప్రకటింపనప్పుడు అగ్రకులముల బాలురకును, దళిత బాలురకును నేర్పులో భేదము కానరాలేదు. ఆరుగురు బాలురను ఒక గదిలో కూర్చుండబెట్టి, వారి పేరుతో కూడ కులమును బిగ్గరగా చదివినప్పుడు దళిత బాలుర ఫలితము తగ్గిపోయినది. బాలురు వారే, తెలివి వారిదే. మారినది గదిలోని వాతావరణము మాత్రమే.

1985లో కారంచేడు, 1991లో చుండూరు చూచిన నేల ఇది. పెద్దలలో పుట్టిన వైషమ్యము పిల్లల బల్లలమీదికి ఎక్కకుండ చూచుట మన సీమలో ఎవరికంటెను పంచాయతీ సభ్యులకే ముఖ్యధర్మము. పిల్లలు వాడల వారీగా విడివిడిగా కూర్చుండుచున్నారా? ఉపకారవేతనములకై పేర్లు పిలుచునప్పుడు తరగతిలో కులము పేరు బిగ్గరగా చదువుచున్నారా? గది ఊడ్చుట, నీళ్లు తెచ్చుట ఎల్లప్పుడు ఒకే వాడ పిల్లల వంతునకు వచ్చుచున్నదా? మధ్యాహ్నభోజనము పంక్తిలో అందరును కలిసి కూర్చుండుచున్నారా? 2024లో మన ప్రభుత్వము ఈ భోజన పథకమునకు డొక్కా సీతమ్మగారి పేరు పెట్టినది. ఆకలిగొన్నవాని కులము అడుగక అన్నము పెట్టిన ఆ యిల్లాలి పేరున జరుగు పంక్తిలో భేదము పాటించుట ఆమె పేరునకే అపచారము.

బాపట్ల, చీరాలల నడుమనున్న స్టూవర్టుపురము 1913లో ఏర్పడినది. పరప్రభుత్వపు చట్టమొకటి అచ్చటి ఎరుకల కుటుంబములపై పుట్టుకతోనే నేరస్థులను ముద్ర వేసియుండెను. స్వతంత్ర భారతము 1952లో ఆ చట్టమును రద్దుచేసినది. చట్టపు పుస్తకమున చెరిగిన ముద్ర తరగతిగదిలో ఎకసక్కెముగా మిగులరాదు. తీరమునందలి చెరువుల వద్ద పనిచేయు యానాది కుటుంబముల పిల్లలకును ఇదే వర్తించును. మాసిన బట్టలతో, ఆలస్యముగ వచ్చిన ఆ బిడ్డను చూచి గదిలో నవ్వు పుట్టినచో, వాడు మరునాడు రాడు. ‘‘వచ్చితివా, మంచిది, ఇటు కూర్చుండుము’’ అని ఉపాధ్యాయుడు ముందు పీటవేసినచో మరునాడు తమ్ముని కూడ వెంటబెట్టుకొని వచ్చును.

ఇంటి మాట, బడి మాట

బిడ్డ నోరు తెరువకపోవుటకు మరియొక కారణము భాష. రేపల్లె, నిజాంపట్నము తీరమునందలి జాలరి పిల్లవానికి వలలు, పడవలు, ఆటుపోట్లను గూర్చి తెలిసిన మాటలు నగరములోని పండితునికి తెలియవు. అయినను ఆ మాటను తరగతిలో పలికినప్పుడు ‘‘అది మొరటు మాట’’ అని దిద్దినచో, తన యింటివారి మాటయే తప్పని ఆ పిల్లవాడు గ్రహించి మౌనము వహించును. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో సవర భాష నేర్చుకొని, సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించుటకు పాటుపడిరి. బిడ్డ తెచ్చుకొన్న మాటతోనే మొదలుపెట్టవలెను, పిమ్మట బడి మాటకు వంతెన కట్టవలెనన్నదే వారు చూపిన దారి.

మన రాష్ట్రమున 2020–21 నుండి పాఠ్యపుస్తకములను ఒక పుటపై తెలుగు, ఎదుటి పుటపై ఇంగ్లీషు ఉండునట్లు ముద్రించుట ప్రారంభమైనది. ఇంగ్లీషు నేర్వవలసినదే. కాని ప్రశ్న అడుగుటకు ఇంగ్లీషు రావలెనను నియమము పెట్టరాదు. తెలుగున అడిగి, తెలుగున అర్థము చేసికొని, పిమ్మట ఇంగ్లీషున చెప్పుట నేర్చినచో రెండు భాషలును నిలుచును.

తరగతిలో ఒక మూల చిన్న పుస్తకముల అర ఉండవలెను. తెనాలివారు చక్కని తేటతెలుగున తీర్చిన ‘చందమామ’ ఇప్పుడు వెలువడుట లేదు. అయినను పాత సంచికలు పెక్కు ఇండ్ల అటకలపై ఉన్నవి. వానిని, ఇతర బాలల కథల పుస్తకములను ఊరివారినుండి సేకరించి బడికి ఇప్పించుట పంచాయతీకి కానికర్చు పని. అయితే వానికి తాళము వేయరాదు. చినిగిన పుస్తకము చదివిన పుస్తకము. చినుగకుండ బీరువాలో ఉన్నది ఎవరును చదువనిది.

వెలుతురు, నీరు, నిశ్శబ్దము

మనస్సునకు సంబంధించిన మాటలు చెప్పితిమని గది గోడలను మరువరాదు. చెమటలు కారుచు, దాహముతో, నల్లబల్లపై నున్నది కనబడక కూర్చున్న బిడ్డ ప్రశ్న అడుగదు. గంట ఎప్పుడు కొట్టుదురాయని ఎదురుచూచును. వెనుక వరుసలో కూర్చుండి నల్లబల్లను చూడుడు. కిటికీ వెలుగు పడి అక్షరములు మెరయుచున్నచో, బల్లను ఒక మూరెడు జరిపించినచాలును.

2019 నవంబరు 14న ప్రారంభమైన నాడు–నేడు పథకము క్రింద పెక్కు పాఠశాలలకు మరుగుదొడ్లు, త్రాగునీరు, బల్లలు, పంకాలు, ఆకుపచ్చ వ్రాతబల్లలు వచ్చినవి. కట్టుట ఒకనాటి పని. కాపాడుట ప్రతినాటి పని. తలుపు గడియ ఊడిన మరుగుదొడ్డి ఆడపిల్లలకు లేనట్లే. ఉదయము నుండి సాయంకాలము వరకు నీరు త్రాగక ఓర్చుకొను బాలికకు పాఠము తల కెక్కదు. పెద్దమనిషియైన పిమ్మట బడియే మానవచ్చును. గడియ, బకెట్టు, కుళాయి, ఊడ్చు మనిషి అను ఈ నాలుగింటిని నెలకొకసారి చూచుట పంచాయతీ సభ్యులకు కష్టము కాదు.

డెల్టా నల్లనేలలో వానకు బడి ఆవరణమున నీరు నిలుచును. చుట్టును చిన్న కాలువ తీసి, గుమ్మము వరకు మెరక పోయించవలెను. బడి ప్రక్కన మైకు మ్రోగినచో ఎంతటి ఉపాధ్యాయుడును ఏమి చేయలేడు. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనల ప్రకారము విద్యాలయముల చుట్టును నూరు మీటర్ల మేర నిశ్శబ్ద ప్రదేశము. 2003 నాటి పొగాకు ఉత్పత్తుల చట్టము ప్రకారము బడికి నూరు గజములలోపల బీడీలు, సిగరెట్లు, గుట్కాలు అమ్మరాదు. ఈ రెండింటిని అమలుపరచుటకు పంచాయతీ మాటకంటె బలమైన మాట ఊరిలో లేదు. గుడి మైకైనను, చర్చి మైకైనను, ఎన్నికల మైకైనను నియమ మొక్కటే.

తీరగ్రామములకు మరియొక భారము కలదు. 1977 నవంబరు 19 నాటి తుపానును పెద్దలు మరువలేదు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల సమీపముననే తీరము దాటినది. 2024 సెప్టెంబరు మొదట కృష్ణకు వచ్చిన పెనువరదలో కొల్లూరు ప్రాంతపు లంకగ్రామములు మునిగినవి. ఇట్టి ఆపదలు గడచిన పిమ్మట బడి ఎంత త్వరగా తెరచినచో పిల్లలకు అంత మేలు. తెరచిన వెంటనే పరీక్ష పెట్టరాదు. మొదటి కొన్ని దినములు తాము చూచినది చెప్పుకొనుటకు, బొమ్మలు వేయుటకు, కథలు వినుటకు విడువవలెను. పుస్తకములు తడిసిపోయిన పిల్లలను తరగతిలో లేపి అడుగక, జాబితా వ్రాసి నిశ్శబ్దముగ ఇప్పించవలెను.

బడి గడియారము, పొలపు గడియారము

వరికోతలకు, ఆ పిమ్మట మినుము పీకుటకు, మొక్కజొన్న కండెలు విరచుటకు మన ప్రాంతమున కూలీల అవసరము హెచ్చును. తల్లి పనికి పోయినప్పుడు చంటిబిడ్డను చూచుటకు పెద్దపిల్ల ఇంట ఆగిపోవును. పదిదినములు మానివచ్చిన ఆ బాలికకు బడి క్రొత్త ఊరువలె తోచును. ‘‘ఇన్నాళ్లు ఏమైతివి?’’ అను గద్దింపుతో ఆమెను ఎదుర్కొన్నచో వచ్చినదారినే పోవును. ఆమెకు కావలసినవి మూడు: ఒక చిరునవ్వు, జరిగిన పాఠము చెప్పు ఒక తోటి బాలిక, ఉపాధ్యాయునివద్ద అరగంట కాలము.

చంటిబిడ్డలు అంగన్‌వాడీకి పోవుచున్నచో అక్కలు బడికి పోవుదురు. కావున పనుల కాలమున అంగన్‌వాడీ సక్రమముగ నడచునట్లు పంచాయతీ చూడవలెను. పదునాలుగేండ్లలోపు పిల్లల జాబితా ఉంచుట, వలసకుటుంబముల పిల్లలను బడిలో చేర్చించుట, బలహీనవర్గముల బిడ్డలపట్ల వివక్ష లేకుండ చూచుట స్థానిక సంస్థల విధులని విద్యాహక్కు చట్టము 9వ సెక్షను తెలుపుచున్నది. ఇటుకబట్టీలకు, చెరువులకు పనికి వచ్చిన పరాయి ఊరి కుటుంబముల బిడ్డలును ఆ జాబితాలో ఉండవలెను.

వెనుకబడినవారికి పాఠము చెప్పుటయందు రెండు అనుభవములు తెలిసికొనదగినవి. మదనపల్లె సమీపమున రిషివ్యాలీ సంస్థవారు చుట్టుప్రక్కల పల్లెబడులలో, ఒకే గదిలో పలు తరగతుల పిల్లలు కూర్చుండి, ఎవరి మెట్టు వారు ఎక్కుచు పోవు కార్డుల పద్ధతిని పెంపొందించిరి. దానిని చూచి తమిళనాడువారు తమ బడులలో ప్రవేశపెట్టిరి. ప్రథమ్ అను సంస్థ దినమునకు కొంతకాలము పిల్లలను వయస్సునుబట్టి కాక, చదువగలిగిన మేరనుబట్టి చిన్న జట్లుగా చేసి నేర్పించినది. 2019లో అర్థశాస్త్రమున నోబెల్ బహుమతి పొందిన అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో మొదలగువారు దానిని పరీక్షించి మేలు కలుగుచున్నదని చూపిరి. రెండింటియందును సారము ఒకటే: బిడ్డ నిలిచియున్నచోటనుండి మొదలుపెట్టుట. ఇద్దరు ముగ్గురు ఉపాధ్యాయులున్న పల్లెబడిలో కూడ ఇది సాధ్యమే.

ఉపాధ్యాయునికిని వెరపు ఉండరాదు

భయపడుచున్న ఉపాధ్యాయుడు పిల్లల భయమును పోగొట్టలేడు. ఊరి పెద్దలు పిల్లలయెదుట ఉపాధ్యాయుని నిలదీసినచో, ఆయన ఆ కోపమును తరగతిపై చూపును. లోపమున్నచో ఏకాంతమున, మర్యాదగా అడుగవలెను. దేహదండన, వివక్షవంటి తీవ్రవిషయములలో మాత్రము మొగమాటము విడిచి, పాఠశాల యాజమాన్య కమిటీకిని, విద్యాశాఖాధికారులకును వ్రాతమూలకముగ తెలుపవలెను. జనగణన, ఎన్నికలు, ఆపత్సహాయము తప్ప ఇతర పనులకు ఉపాధ్యాయులను వినియోగింపరాదని చట్టమున కలదు. సభలకు జనమును తోలుటకు, స్వాగతపు దండలు వేయించుటకు బడిని వాడుకొనుట మన పంచాయతీలే మానవలెను.

బడికి పోవునప్పుడు

విద్యాహక్కు చట్టము 21వ సెక్షను ప్రకారము పాఠశాల యాజమాన్య కమిటీలో స్థానిక సంస్థ ప్రతినిధులకు స్థానము కలదు. సభ్యులలో మూడువంతులకు తక్కువ కాకుండ, అనగా నలుగురిలో ముగ్గురు, తల్లిదండ్రులై యుండవలెను. సగము మంది స్త్రీలు కావలెను. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతట ప్రభుత్వ పాఠశాలలలో తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల సమావేశములు ఒకేనాడు జరిగినవి. బాపట్ల పురపాలక ఉన్నత పాఠశాలలో జరిగిన సమావేశమునకు ముఖ్యమంత్రిగారే వచ్చిరి. ఒక దినపు ఉత్సవము మంచిదే; తక్కిన దినముల రాకపోకలు అంతకంటె మంచివి.

అయితే ఎట్లు పోవలెను? సాధారణముగ ఊరి పెద్ద తరగతిలో అడుగుపెట్టగనే పిల్లలు లేతురు. ఆయన ముందువరుసలోని పిల్లవానిని చూపి ‘‘పదమూడవ ఎక్కము చెప్పరా’’ అనును. పిల్లవాడు తడబడును. పెద్ద ఉపాధ్యాయునివైపు చూచి నవ్వును. ఆ ఒక్క నిమిషమున పిల్లవాడును, ఉపాధ్యాయుడును ఇద్దరును సిగ్గుపడిరి. తెలిసినది మాత్రము ఏమియు లేదు.

దానికి బదులు సభ్యుడు నెమ్మదిగ వచ్చి, వెనుక కూర్చుండి, ఒక గంట ఊరక వినవలెను. ఆ గంటలో ఈ క్రింది ప్రశ్నలను తనను తాను అడుగుకొనవలెను.

1. పిల్లలు ఉపాధ్యాయుని ఏదైన ప్రశ్న అడిగిరా? ఎందరు అడిగిరి? బాలికలు అడిగిరా?

2. తప్పు చెప్పిన బిడ్డకు ఏమి జరిగినది? నవ్విరా, గద్దించిరా, ‘‘ఎట్లు చేసితివి’’ అని అడిగిరా?

3. వెనుకవరుసలో ఎవరున్నారు? వారు ఏ వాడవారు? ప్రతినెల వారే వెనుక ఉన్నారా?

4. గోడలపై పిల్లలు వేసిన బొమ్మలు, వ్రాసిన వ్రాతలు ఉన్నవా, లేక కొనితెచ్చిన పటములే ఉన్నవా?

5. చిన్నపిల్లలు ఇంటి మాటలో మాటలాడుటకు సంకోచించుచున్నారా?

6. ఈ నెలలో రాని పిల్లలెవరు? వారి యింటికి ఎవరైన పోయిరా?

7. నీరు, మరుగుదొడ్డి గడియ, వెలుతురు, చప్పుడు ఎట్లున్నవి?

ఈ ఏడు ప్రశ్నలకు జవాబులు ఒక నోటుపుస్తకమున వ్రాసి, తరువాతి కమిటీ సమావేశమున ప్రధానోపాధ్యాయునితో కలిసి చదువవలెను. ఎవరిని తప్పుపట్టుటకు కాదు. వచ్చునెల ఒక్కటి సరిచేయుటకు. నెలకొకటి చొప్పున సరిచేసినచో ఒక విద్యాసంవత్సరములో బడి రూపు మారును. ఇందు పెద్ద వ్యయము లేదు, పైనుండి ఉత్తరువుకై వేచియుండ నక్కరలేదు.

1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ, పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో ప్రాథమిక, మాధ్యమిక విద్యను చేర్చినది. నేడు బాపట్ల, రేపల్లెలు బాపట్ల జిల్లాలో, తెనాలి గుంటూరు జిల్లాలో ఉన్నవి. జిల్లాల హద్దులు మారవచ్చును. పల్లెబడిలో కూర్చున్న బిడ్డ అవసరము మారదు. రేపు గ్రామసభలో తాగునీటిని గూర్చి, రోడ్డును గూర్చి, భూమి హద్దును గూర్చి లేచి నిలదీసి అడుగవలసినది ఆ బిడ్డయే. తరగతిలో ‘‘నాకు తెలియలేదు’’ అని చెప్పుట నేర్వని బిడ్డ, పెద్దయైన పిమ్మట గ్రామసభలో ‘‘ఈ లెక్క మాకు చూపుడు’’ అని అడుగజాలదు. ప్రశ్నించు పౌరులు లేని ఊరిలో పంచాయతీరాజ్యము పేరునకు మాత్రమే నిలుచును. కావున వెరపులేని తరగతిగదిని నిలుపుట పిల్లలకు చేయు ఉపకారము మాత్రమే కాదు, మన పంచాయతీలకు మనము వేసికొను పునాది యని సభ్యులందరును గ్రహించి, ఈ నెలలోనే ఒక గంటకాలము తమ ఊరి బడిలో వెనుకవరుసను కూర్చుందురు గాక యని కోరుచున్నాము.